సింగపూర్ అన్నానికి తాలింపు

అమ్మని సింగపూర్ తీసుకెళ్ళి తిప్పి తెచ్చిన కొడుకుగా మా వీధిలో నాకు చాలాకాలం మంచి పేరుండేది. ఆ పేరు చెడకుండా నేను దాచిపెట్టిన సంగతి ఒకటుంది. ఆ ప్రయాణానికి మొదట అనుకున్నది అమ్మని కాదు, నా భార్యని. ఆవిడకి ఎనిమిదో నెల రావడంతో విమానం ఎక్కొద్దన్నారు డాక్టరు. "టిక్కెట్టు పాడుచెయ్యడం ఎందుకండీ, అత్తయ్యని తీసుకెళ్ళండి" అంది ఆవిడ. అంతే, ఆ క్షణం నుంచి మాతృభక్తి నాలో పొంగి పొర్లడం మొదలెట్టింది. కనిపించిన ప్రతివాణ్ణీ ఆపి మరీ చెప్పాను.

టిక్కెట్లు కూడా నేను కొన్నవి కావు. విశాఖపట్నం పోర్టులో ఒక షిప్పింగ్ ఏజెంటు దగ్గర నేను గుమాస్తాని. ఓడ వచ్చిందంటే లాంచీలో ఎదురెళ్ళి, తాడు నిచ్చెన పట్టుకుని పైకెక్కి, కెప్టెన్ చేత కాగితాల మీద సంతకాలు పెట్టించుకు రావడం నా పని. ఒక సింగపూర్ ఓడల కంపెనీ వాళ్ళు మా ఓనరుకి రెండు టిక్కెట్లు బహుమతిగా పంపితే, నడుం నొప్పితో ఆయన మంచం దిగలేక నా చేతిలో పెట్టారు. ఎనభైల నడిమి మాట ఇది. అప్పట్లో మా వైపు విమానం ఎక్కినవాడంటే గవర్నరు తర్వాత గవర్నరు.

ఇక నా గొప్ప. పదేళ్ళుగా ఓడలెక్కుతున్నాను కాబట్టి విదేశాలన్నీ నాకు తెలుసని నా గట్టి నమ్మకం. గ్రీసు కెప్టెన్ గదిలో కాఫీ తాగితే గ్రీసు చూసినట్టే, జపాన్ వాడి బిస్కెట్టు తింటే జపాన్ వెళ్ళినట్టే. నిజానికి నేను చూసిన విదేశమంతా తాడు నిచ్చెన నుంచి కెప్టెన్ గది దాకా, ముప్ఫై అడుగులు. పైగా ఓడలెక్కడం మొదలెట్టాక ఇంట్లో అమ్మతో కూడా పత్రికల భాషలో మాట్లాడేవాణ్ణి. "ఏటిరా ఆ మాటలు, రేడియో మింగీసినావా?" అనేది అమ్మ.

అమ్మ సంగతి చెప్పాలి. పోర్టు గేటు దగ్గర విదేశీ నావికులు కాసేపు కూర్చుని తిని పోవడానికి ఒక ఇల్లుండేది. పోర్టు జనం దాన్ని క్లబ్బు అనేవాళ్ళు. నాన్న పోయాక, డెబ్బైల మొదట్లో, అమ్మ అక్కడ వంటకి కుదిరింది. కట్లెట్లూ, గుడ్లూ, బంగాళాదుంపల కూరా నేర్చుకుంది. చేరిన కొత్తలోనే ఒకరోజు సింగపూర్ ఓడలోంచి ఒక చీనా వంటాయన దిగి, తమవాళ్ళు ఇంటి తిండికి మొహం వాచిపోయారని సైగలు చేసి, అమ్మ వంటింట్లో దూరాడు. ఆనందపురం నుంచి వచ్చిన నాటుకోడి ఒకటి సిద్ధంగా ఉంది. దాన్ని ముక్కలు చెయ్యకుండా అలాగే నీళ్ళలో వేసి అల్లంతో ఉడికించాడు. ఆ నీళ్ళలోనే అల్లం, వెల్లుల్లి వేసి అన్నం వండాడు. అమ్మ పక్కనే నిలబడి కళ్ళార్పకుండా చూసింది. ఇంతలో ఓడ కుర్రవాడొకడు పరుగున వచ్చి ఏదో అరిచాడు. వంటాయన చేతులు తుడుచుకుని, అమ్మకి నవ్వుతూ తల వంచి, వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

గిన్నెలో కోడి తెల్లగా, పాలిపోయి, జ్వరం మనిషిలా పడుంది. పసుపు లేదు, కారం లేదు, తాలింపు అసలే లేదు. అమ్మకి ఎంత జాలేసిందో! పాపం పిలుపొచ్చి వంట సగంలో వదిలేసి పోయాడు, పసుపు డబ్బా ఎక్కడుందో కూడా తెలిసుండదు అనుకుంది. ఇంటికొచ్చిన మనిషి మొదలెట్టిన పని చెడిపోకూడదు కదా. పసుపు వేసింది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకు వేసి ఘుమఘుమలాడేలా తాలింపు పెట్టి, అన్నం మీద పోసింది. ఆ సాయంత్రం నావికులు వచ్చి తిని "గుడ్, గుడ్" అన్నారు. ఆ వారం నుంచి క్లబ్బు నల్లబల్ల మీద శనివారం శనివారం సింగపూర్ రైస్ అని రాసేవారు. క్లబ్బులో వంట మానేసేదాకా పన్నెండేళ్ళు అలాగే సాగింది. చీనా వాళ్ళు, మలయా వాళ్ళు ఎందరు తిన్నారో. ఒక ముసలి నావికుడైతే మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడట. ఇల్లు గుర్తొచ్చింది పాపం అని అమ్మ ఈ కథ చెప్పిన ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేది. మా ఇంట్లో అందరూ ఈ కథ వందసార్లు విన్నవాళ్ళే.

కానీ ఒక్క అనుమానం ఆవిణ్ణి వదల్లేదు. "తాలింపు నా సొంతంగా పెట్టీసినాను గానీ, ఆయనుంటే దేంతో పెట్టునో. ఆవాలేస్తారో, మెంతులేస్తారో. నాను వండింది సరైందో కాదో." పండక్కి గారెలు వేస్తున్నా ఇదే మాట. అందుకే సింగపూర్ వెళ్తున్నాం అని నేను గుమ్మంలోంచే గట్టిగా ప్రకటిస్తే, అమ్మ విమానం గురించి అడగలేదు, సముద్రం గురించి అడగలేదు.

"అలగైతే ఆ తాలింపు సంగతి తేలిపోతాదిరా" అంది.

నేను పకపకా నవ్వాను. ఆఫీసు టైపు మిషన్ మీద నాలుగు రోజుల కార్యక్రమం కార్బన్ కాపీతో సహా టైపు చేసి, పైకాపీ నేనుంచుకుని కిందకాపీ అమ్మకిచ్చాను. అమ్మకి ఇంగ్లీషు రాదు. అందులో గంటల చొప్పున చూడాల్సిన వింతలన్నీ ఉన్నాయి. తాలింపు లేదు.

మద్రాసు దాకా రైలు, అక్కడినుంచి విమానం. సింగపూర్లో దిగాక సామాను తనిఖీ దగ్గర ఆఫీసరు అమ్మ సంచీ తెరిచి, జేబురుమాలు మూటొకటి బయటికి తీశాడు. ముడి విప్పితే ఏముంది? ఆవాలు, మెంతులు, జీలకర్ర, నాలుగు ఎండుమిరపకాయలు, ఎండబెట్టిన కరివేపాకు. అన్నీ విడివిడిగా చిన్న పొట్లాలు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక వరసలో కోట్లు తొడుక్కున్న జనం. "ఇవెందుకు తెచ్చావమ్మా, ఇక్కడ ఆవాలు దొరకవా?" అని పళ్ళ బిగువున అడిగాను.

"దొరకవని కాదురా. ఆ వంటోడికి మన బాస రాదు గదా. ఇవి సూపించి, వీట్లో ఏదెయ్యాలీ అనడుగుతాను."

ఆఫీసరు కరివేపాకు వాసన చూసి, మళ్ళీ తనే ముడి వేసి, రెండు చేతులతో అమ్మకి అందించాడు. నేను మాత్రం ఆ మూట నాది కాదన్నట్టు గోడకేసి చూస్తూ నిలబడ్డాను. ఆ విమానాశ్రయంలో నన్ను ఎరిగినవాడు ఒక్కడు లేడు, అయినా సరే.

మొదటి రోజు అమ్మకి వింతైన తిండి పెట్టాలని వెతికి వెతికి, మనవాళ్ళుండే వీధికి తీసుకెళ్ళి ఇడ్లీ సాంబారు పెట్టించాను. ఎందుకో నన్నడక్కండి. కొత్త ఊళ్ళో నాకే భయమేసింది, ఆ నెపం అమ్మ కడుపు మీద పెట్టాను. అమ్మ ఎప్పట్లాగే చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, వండినవాళ్ళనీ వడ్డించినవాళ్ళనీ దీవించమని ప్రభువుకి చెప్పుకుని, తింది. ఇంట్లో ఆ ప్రార్థన నాకు అలవాటే. అక్కడ మాత్రం పక్క బల్లవాళ్ళు చూస్తున్నారని నేను మెనూ కార్డు అడ్డం పెట్టుకున్నాను.

"ఎలా ఉందమ్మా?"

"బాగుంది బాబూ."

పక్షుల తోటలో అమ్మ చేతి మీద పెద్ద రామచిలకని ఎక్కించి ఫొటో తీశాను. "గోళ్ళు గుచ్చుకుంటన్నాయిరా" అంటే "నవ్వు, నవ్వు" అన్నాను. అయిదంతస్తుల అంగడిలో కదిలే మెట్ల మీద చెప్పు ఇరుక్కుంటే, చెప్పు కంటే ముందు నా పరువు గురించి కంగారు పడ్డాను. సముద్రం మీదుగా తీగల మీద వేలాడుతూ పోయే కేబుల్ కారు ఎక్కించాను. పెట్టె కదలగానే అమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టిగా కళ్ళు మూసుకుంది. పెదవుల మీద ఏదో పాట ఆడుతోంది.

"కళ్ళు తెరువమ్మా! కింద హార్బరు చూడు, ఎన్ని ఓడలో! మన పోర్టు దీని ముందు ఏ మూలకి?"

"సూస్తన్నాను బాబూ. బాగుంది."

కళ్ళు మూసుకునే అంది. నేను దాన్ని కూడా మార్కుల్లో కలుపుకున్నాను. సాయంత్రం హోటల్ గదిలో నా కాగితం మీద ఒక్కొక్క వింతకీ టిక్కు పెట్టుకుంటూ, అమ్మ అన్నిటికీ బాగుందంది, నూటికి నూరు అని మురిసిపోయాను. కోతికి కొబ్బరికాయ దొరికితే ఎలా ఉంటుందో చూడాలనుకుంటే, ఆ గదిలో అద్దం ఒకటుండేది.

అమ్మ రోజూ ఒకటే అడిగేది. "రేపైనా ఆ అన్నం తిందామేటి?"

"అన్నం తినడానికా అమ్మా, సముద్రాలు దాటి వచ్చింది?"

అమ్మ మూట తలగడ కింద పెట్టుకుని పడుకునేది.

అసలు విషయం నాకు చెప్పుకోవడానికి సిగ్గు. ఆ అన్నం ఎక్కడ దొరుకుతుందో, దాన్ని ఏమంటారో నాకు తెలీదు. తెలీదని ఒప్పుకుంటే, పదేళ్ళ నా విదేశీ జ్ఞానం ఏం కాను? మూడో రోజు మధ్యాహ్నం, పీడ వదిలిపోతుందని, చల్లగా ఉండే ఒక పెద్ద హోటల్లో కూర్చుని, దర్జాగా "సింగపూర్ రైస్" తెమ్మన్నాను. సర్వరు నన్ను ఎగాదిగా చూసి, కప్పు నిండా తెల్లన్నం తెచ్చిపెట్టాడు.

"ఇది కాదురా" అంది అమ్మ, మెల్లగా.

నాకు కోపం నషాళానికంటింది. నా తెలివితక్కువ బయటపడినప్పుడల్లా నాకు ఎదుటివాళ్ళ మీదే కోపం వస్తుంది. "అలాంటి వంట ఈ ఊళ్ళో ఉంటే కదా! ఆ రోజు వాడేదో కోడి ఉడకేసి పోయాడు, మిగిలిందంతా నువ్వే కల్పించావు. ఆకలి మీదున్న ఓడవాళ్ళు ఏం పెట్టినా తింటారు!"

అమ్మ ఆ తెల్లన్నం కేసి చూస్తూ కూర్చుంది. మొదటిసారి ప్రార్థన మర్చిపోయి తినడం మొదలెట్టి, మధ్యలో గుర్తొచ్చి ఆగి, చేతులు జోడించింది. ఆ క్షణంలో నన్ను నేను ఆ హోటల్ మెట్ల మీంచి కిందకి తన్నుకోవాల్సింది. తన్నుకోలేదు. బిల్లు చెల్లించి, నా కాగితం ప్రకారం తర్వాతి వింతకి బయల్దేరదీశాను.

దార్లో ఒకచోట అమ్మ ఆగిపోయింది. రోడ్డు పక్క చిన్న దుకాణం, అద్దాల పెట్టెలో తెల్లటి కోళ్ళు మెడలకి కొక్కేలేసి వేలాడుతున్నాయి. "బాబూ, అటు సూడు. అయ్యే కోళ్ళు."

"రోడ్డు పక్కన తిని కడుపునొప్పి తెచ్చుకుంటావా? పద, పద." చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినవాడు నాకంటే నయం, వాడు వెతికాడు కనీసం.

నాలుగో రోజు సాయంత్రం మా విమానం. పొద్దున్న నా కాగితం మీద పూలతోట ఉంది. తోటకి నడుస్తుంటే కుండపోతగా వాన పట్టుకుంది. పరుగెత్తి ఒక పెద్ద రేకుల కప్పు కిందకి దూరాం. చుట్టూ పాతిక ముప్ఫై తిండి దుకాణాలు, మధ్యలో బల్లలు, జనం. ఎదురుగానే అద్దాల పెట్టె, వేలాడే తెల్లకోళ్ళు. వెనక అమ్మ వయసు ముసలాయన, బనీను మీద, పెద్ద కత్తితో టకటకా కోడి కొడుతున్నాడు.

వాన తెరిపివ్వడం లేదు. నా కాగితం తడిసి అక్షరాలు కరిగిపోయాయి. నేనింక చేసేదేం లేక, ఆయనకి రెండు వేళ్ళు చూపించి, కూర్చున్నాను. ఆ నాలుగు రోజుల్లో నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని, అది కూడా వాన చేయించింది.

అమ్మ కూర్చోలేదు. దుకాణం పక్కన నిలబడి, ఆనాడు క్లబ్బు వంటింట్లో ఎలా చూసిందో అలాగే చూస్తోంది. ఆయన ఉడికిన కోడిని తీసి చన్నీళ్ళలో ముంచాడు. వేలాడదీశాడు. ఇంకోదాన్ని కొట్టి పళ్ళేలలో సర్దాడు. అన్నం బోర్లించాడు. దోసకాయ ముక్కలు, ఎర్ర మిరపకాయ పచ్చడి, గిన్నెడు చారు పెట్టాడు. పెట్టి, పళ్ళేలు నా ముందుకి పంపేశాడు. అమ్మ అక్కడే ఉంది, తాలింపు కోసం ఎదురుచూస్తూ.

ఆయన తర్వాతి వాళ్ళ పళ్ళెం మొదలెట్టాడు. అప్పుడు అమ్మ కొంగులోంచి మూట తీసి, ఆయన ముందు ముడి విప్పింది. ఆవాల పొట్లం చూపించి, చేత్తో మూకుడు పట్టుకున్నట్టు, నూనె పోసినట్టు, చిటపటలాడినట్టు చేసి చూపించి, అన్నం గిన్నెకేసి వేలు చూపించింది. ఆయన కత్తి పక్కన పెట్టాడు. ఆవాలు వేళ్ళతో ముట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపాడు. మెంతులు వాసన చూసి, ఊహూఁ. జీలకర్ర, ఊహూఁ. ఎండుమిరప, ఊహూఁ. కరివేపాకు దగ్గర కాసేపు ఆగాడు, దాన్ని ఎరగడు కాబోలు. దానికీ తల ఊపి, ఉత్త చేతులు రెండూ తెరిచి చూపించి, నవ్వుతూ, మా పళ్ళేలకేసి చూపించి, నోటి దగ్గరకి చెయ్యి పెట్టాడు. తినమని.

వరసలో నిలబడ్డ జనమంతా చూస్తున్నారు. ఈసారి నేను గోడకేసి చూడలేకపోయాను. అమ్మ మొహమే చూస్తున్నాను.

అమ్మ వచ్చి కూర్చుంది. ప్రార్థన చేసుకుంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. నిన్న నేనన్న మాట నిజమవకూడదని ఎంత కోరుకున్నానో.

"అదేనా అమ్మా?"

"అదేరా. వాసన అదే. ఆయన గిన్నె మూత తీసినప్పుడు వొచ్చింది సూడు, అచ్చం అదే." ఇంకో ముద్ద పెట్టుకుంది. "పూర్తయిపోనాదిరా ఇది. దీనికింకేటీ అక్కర్లేదు. ఆయన సగంలో ఎల్లిపోలేదురా బాబూ. పూర్తి సేసే ఎల్లినాడు."

అని నవ్వడం మొదలెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వింది. "పన్నెండేళ్ళురా! ప్రతీ శెనివారం ఆవాలేసి, కరేపాకేసి, పసుపు కొట్టి పెట్టినాను. ఒక్కడంటే ఒక్కడు ఇదేటి అన్లేదు. గుడ్డూ గుడ్డూ అని తినీసినారు. ఆ ముసిలాయన కళ్ళు మూసుకున్నాడు సూడు, ఇల్లు గుర్తొచ్చిందనుకున్నాను. ఓరి దేవుడా, కళ్ళు మూసుకుని మింగీసినాడురా!"

నవ్వుతూ నవ్వుతూనే కళ్ళంట నీళ్ళు కారిపోయాయి. తర్వాత నవ్వు ఆగింది, నీళ్ళు ఆగలేదు. "ఏ తల్లి కన్న బిడ్డలో" అంది. "ఇంటి తిండని ఆశపడి వొచ్చి, అది తిని, నా మనసు కష్టపెట్టకూడదని ఊరుకున్నారు." ఎంగిలి చేత్తోనే మళ్ళీ రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. ఈసారి నాకు ఏ మెనూ కార్డూ అవసరం కాలేదు.

 రేకుల మీద వాన హోరు. నా కళ్ళ ముందు కేబుల్ కారు తిరుగుతోంది. గట్టిగా మూసుకున్న కళ్ళు, సూస్తన్నాను బాబూ, బాగుంది. చిలక గోళ్ళు, బాగుంది. ఇడ్లీ సాంబారు, బాగుంది. నా టిక్కులన్నీ ఒక్కొక్కటే వరసగా వచ్చి చెంప మీద కొడుతున్నాయి. నిన్న ఆవిడతో నేనన్న మాట, ఆకలి మీదున్నవాళ్ళు ఏం పెట్టినా తింటారని, అది అన్నిటికంటే గట్టిగా కొట్టింది.

"అమ్మా" అన్నాను. పత్రికల భాష ఎటు పోయిందో. "ఈ నాలుగు రోజులూ నాను సూపించినియ్యన్నీ బాగున్నాయన్నావు గదా?"

అమ్మ కళ్ళు తుడుచుకుని నాకేసి చూసింది. తన పళ్ళెంలోంచి మెత్తటి కోడిముక్క ఏరి నా అన్నం మీద పెట్టింది.

"మర్యాదస్తులురా ఆళ్ళు" అంది. "తిను బాబూ, సల్లారిపోతాది."